సోమశిల నీళ్లకూ హిమాలయాల మంచుకూ సంబంధం ఉందా? పిల్లలకు ఏమని చెప్పాలి?

గుండ్లకమ్మ_గట్టు
ఒంగోలు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఈ మధ్య పర్యావరణం గురించి మాట్లాడటానికి వచ్చిన ఒక వక్త, హిమాలయాల్లోని హిమానీనదాలు (పేరుకుని గట్టిపడి, మెల్లగా కిందికి జారే మంచు) కరిగిపోతే పెన్న మీది సోమశిల జలాశయానికి నీళ్లు రావని, సాగర్ కుడి కాలువ ఎండిపోతుందని, మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెండూ ఎడారి అయిపోతాయని పిల్లలకు చెప్పి వెళ్లారు. పిల్లలు ఆ మాటలను శ్రద్ధగా నోట్సులో రాసుకున్నారు. మరుసటి తరగతిలో నేను పటం తీసి కృష్ణ మహాబలేశ్వరం దగ్గర, పెన్న నంది కొండల్లో పుడతాయని చూపించాను. వెంటనే ఒక అమ్మాయి లేచి, "అయితే అక్కడ మంచు కరిగితే మనకేమీ కాదు కదా సార్" అని అడిగింది. లేనిది చెప్పి పిల్లలను భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ఏమీ కాదులే అని కూర్చోబెట్టడం అంతకన్నా ఇష్టం లేదు. మన ప్రాంతానికి నిజంగా ఉన్న సంబంధం ఏమిటో, అది ఏపాటిదో తెలిసినవారు వివరంగా రాయండి.

పెన్నాతీరం
మీరు పటం తీసి చూపించడమే సరైన పని. పెన్న పూర్తిగా వాన మీద బతికే నది. గుండ్లకమ్మ నల్లమలలో పుడుతుంది. మన్నేరు, పాలేరు, ముసి కూడా వానకు పారి, ఎండకు ఇంకిపోయేవే. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు పట్టే జలాశయాలు, వాటిలో చేరే ప్రతి చుక్కా దక్కన్ మీద, పడమటి కనుమల మీద కురిసిన వానే. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి, పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయిన వరదకు కూడా కారణం బంగాళాఖాతం నుంచి వచ్చిన వానలే తప్ప ఏ మంచూ కాదు. మన నీటి కష్టాలను హిమాలయాలకు ముడిపెడితే, పైన కర్ణాటకలో ఎంత వాడుతున్నారు, మన చెరువుల పూడిక ఎందుకు తీయడం లేదు అన్న అసలు ప్రశ్నలు పక్కకు పోతాయి.

కావలి_కుర్రాడు
అయితే ఆ అమ్మాయి అన్నదే నిజం కదా? గంగ, సింధు నదుల సంగతి అక్కడి వాళ్లు చూసుకుంటారు. మనకు తుపానులూ కరువులూ చాలవా?

మైపాడు_తీరం
కావలి_కుర్రాడు గారూ, నదిని వదిలి ఒక్కసారి సముద్రం వైపు చూడండి. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలను పక్కన పెట్టి, ప్రపంచంలోని మిగిలిన హిమానీనదాలను మాత్రమే లెక్కించిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. 2000 నుంచి 2023 వరకు అవి సగటున ఏడాదికి 27,300 కోట్ల టన్నుల మంచు కోల్పోయాయని అందులో తేలింది. పెన్నాతీరం గారి లెక్కలో చెప్పాలంటే అది దాదాపు 9,600 టీఎంసీలు, అంటే సోమశిల ఒక ఏడాదిలో 120 సార్లకు పైగా నిండేంత నీరు. ఆ నీరు చివరికి చేరేది సముద్రానికే, సముద్రం మాత్రం ఆల్ప్స్‌కు ఒకటి, మైపాడుకు ఒకటి అని వేరుగా లేదు. ఆ కాలంలో ఈ ఒక్క కారణం వల్లనే సముద్ర మట్టం 18 మిల్లీమీటర్లు పెరిగింది.

కావలి_కుర్రాడు
18 మిల్లీమీటర్లు అంటే రెండు సెంటీమీటర్లు కూడా కాదు. కార్తీక పౌర్ణమి పోటుకే సముద్రం అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది.

మైపాడు_తీరం
పోటు వచ్చి పోతుంది. ఇది వచ్చి ఉండిపోతుంది, ఆ పోటు దీని మీద లేస్తుంది. పైగా 18 మిల్లీమీటర్లు కొండల మంచు వాటా మాత్రమే. నీరు వేడెక్కి వ్యాకోచించడం, గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల నుంచి వచ్చే నీరు కూడా కలిపితే, ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టిన 1993 నుంచి ప్రపంచ సగటు సముద్ర మట్టం దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. తీరం నిటారుగా ఉండే చోట అది పెద్దగా కనిపించదు. మన తీరం అలాంటిది కాదు. బకింగ్‌హాం కాలువ పొడవునా, పులికాట్ చుట్టూ, కోడూరు, ఇస్కపల్లి దగ్గర నేల ఎంత పల్లంగా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. తుపాను ఉప్పెన వచ్చినప్పుడు అంత పల్లపు నేలలో ఒక చెయ్యి ఎత్తు తేడాకే ఉప్పునీరు చాలా లోపలికి వస్తుంది.

ఉదయగిరి_దుర్గం
నాకు ఈ చర్చ మీద కొంత అనుమానం ఉంది. 2035 నాటికి హిమాలయాల్లో మంచే ఉండదని ఐక్యరాజ్యసమితి వాళ్లే రాసి, తర్వాత తప్పని ఒప్పుకున్నారు. భూమి మీద మంచు యుగాలు ఎన్నో వచ్చాయి, పోయాయి. అప్పుడు మోటారు వాహనాలు, ఫ్యాక్టరీలు లేవు. ఇప్పుడు మాత్రం అంతా మనిషి వల్లనే అని ఎలా తీర్మానిస్తున్నారు?

సూళ్లూరుపేట_చంద్రం
ఉదయగిరి_దుర్గం గారు అడిగినవి అడగదగినవే. మొదటిది 2035 సంగతి. ఐక్యరాజ్యసమితికి చెందిన, వాతావరణ మార్పులపై అంతర్ప్రభుత్వ సంఘం 2007లో ఇచ్చిన నివేదికలో, సరైన పరిశోధన ఆధారం లేని ఆ సంవత్సరం ఒక పేరాలో చేరింది. హిమానీనదాల మీద పనిచేసే శాస్త్రవేత్తలే అంత మందమైన మంచు అంత త్వరగా కరగడం భౌతికంగా సాధ్యం కాదని ఎత్తిచూపారు, 2010 జనవరిలో ఆ సంఘం దాన్ని ఉపసంహరించుకుంది. ఆ తేదీ తప్పయిందే కానీ, మంచు తగ్గుతోందన్న కొలత తప్పు కాలేదు. హిమాలయ ప్రాంతాన్ని అధ్యయనం చేసే, కాఠ్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 దశాబ్దంలో మంచు నష్టం అంతకు ముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా జరిగింది.

రెండవది మంచు యుగాలు. అవి భూమి కక్ష్యలోనూ అక్షం వంపులోనూ వేల సంవత్సరాల మీద వచ్చే మార్పులను అనుసరించి వచ్చాయి. ఇప్పటి మార్పు ఒకటిన్నర శతాబ్దం లోపల జరిగింది. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. పూర్వం సహజంగా కరిగింది కాబట్టి ఇప్పుడూ సహజమే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇప్పుడు కరిగిస్తున్న వేడి మనిషి గాలిలో కలిపిన అలాంటి వాయువుల వల్లే వస్తోందని కొలిచి చూశారు.

అయితే అన్ని హిమానీనదాలూ ఒకేలా తగ్గడం లేదు. కారకోరం పర్వతాల్లో కొన్ని చాలాకాలం నిలకడగా ఉన్నాయి, కొన్ని ముందుకు కూడా వచ్చాయి. గంగోత్రి హిమానీనదం ముఖం, అంటే దాని కింది కొస, మాత్రం ఏడాదికి సగటున ఇరవై మీటర్ల చొప్పున వెనక్కి పోతోంది. మట్టి, రాళ్లు మందంగా కప్పిన చోట మంచు నెమ్మదిగా కరుగుతుంది. పలుచటి మసి, ధూళి పడిన చోట అది ఎండను పీల్చుకుని వేగంగా కరుగుతుంది. ఈ తేడాలను దాచి అంతా ఒకటే అని చెప్పేవారి వల్లనే మీలాంటివారికి అనుమానం వస్తోందని నా అభిప్రాయం.

ఉదయగిరి_దుర్గం
తేదీ తప్పు, కొలత సరైనది అన్న మాట అర్థమైంది. కానీ ముఖం వెనక్కి పోవడం ఒక్కటే చూసి మంచు తగ్గిందని చెప్పగలరా? మందం పెరిగి ఉండవచ్చు కదా?

సూళ్లూరుపేట_చంద్రం
చెప్పలేరు. అందుకే ముఖం కన్నా ద్రవ్యరాశి లెక్కను నమ్ముతారు. చలికాలంలో పైభాగాన ఎంత మంచు పేరుకుంది, వేసవిలో కింది భాగాన ఎంత కరిగింది అన్నది మంచులో కర్రలు దింపి కొలుస్తారు. హిమాచల్‌లోని ఛోటా షిగ్రి హిమానీనదం మీద 2002 నుంచి ఈ పని జరుగుతోంది, మొత్తం మీద జమ కన్నా ఖర్చే ఎక్కువ. కర్రలు దింపలేని చోట్ల ఉపగ్రహాలు ఉపరితలం ఎత్తును కొలిచి, మందం ఎంత తగ్గిందో చెబుతాయి.

ఉలవపాడు_మామిడి
హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడాది మన వానలు తగ్గుతాయని మా తాతగారి పాత పుస్తకంలో చదివాను. అలాగైతే మంచు తగ్గడం మనకు మేలు కావాలి. దీని మీద ఎవరైనా చెప్పగలరా?

పెన్నాతీరం
ఆ ఆలోచన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ది. భారత వాతావరణ శాఖకు మొదటి అధిపతి ఆయనే. హిమాలయాల మీద మంచు ఎక్కువగా ఉంటే ఆ తర్వాతి వానాకాలం బలహీనపడుతుందని 1884లో ప్రతిపాదించారు. అయితే ఆయన చెప్పింది ఒక చలికాలంలో కురిసి, వేసవికి కరిగిపోయే మంచు గురించి. మనం మాట్లాడుతున్నది వందల ఏళ్లుగా పేరుకుని, గట్టిపడి, తన బరువుతో తాను కిందికి జారే మంచు గురించి. రెండింటినీ కలపకూడదు. అంతేకాక మన జిల్లాలకు ఎక్కువ వాన ఇచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనం. దాన్ని ఒక్క హిమాలయ మంచుతో లెక్క కట్టలేం.

చీమకుర్తి_గ్రానైట్
మీరంతా నీళ్లు, వానలు అంటున్నారు. నేను మనుషుల గురించి చెబుతాను. మా ఊళ్లలో రాయి తొలిచే పని తెలిసిన కుర్రవాళ్లు క్వారీల్లో పని తగ్గినప్పుడు ఉత్తరాదిన జలవిద్యుత్ సొరంగాల పనికి పోతారు. మా బావమరిది అలాగే తీస్తా లోయలో పనిచేశాడు. 2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి ఉత్తర సిక్కింలోని సౌత్ ల్హోనక్ సరస్సు తెగింది. అది ఒకప్పుడు హిమానీనదం ఉన్న చోట, మంచు వెనక్కి తగ్గిన కొద్దీ పెరిగిన సరస్సు. దాని పక్క గట్టు విరిగి నీళ్లలో పడటంతో లేచిన కెరటం ముందున్న రాళ్ల కట్టను కోసేసింది. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది. 50 మందికి పైగా చనిపోయారు. మావాడు ఆ వేళకు పై బసలో ఉండటం వల్ల బతికాడు, మూడు రోజులు ఫోను అందక ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పైన అలాంటి సరస్సు ఉందని, అది తెగవచ్చని అక్కడి పనివాళ్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ప్రకాశం జిల్లాకు సంబంధం లేదన్న మాట మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

వెంకటగిరి_జరీ
మూడు రోజులు ఎలా గడిచాయో ఊహించగలను అన్నయ్యా. మా పెద్దమ్మ వాళ్లు 2013 జూన్‌లో చార్‌ధామ్ యాత్రలో చిక్కుకున్నారు. వాళ్లు కేదార్‌నాథ్ చేరకముందే దారి మూసుకుపోయింది కాబట్టి తిరిగి వచ్చారు. విపరీతమైన వానకు తోడు, గుడికి ఎగువన ఉన్న చోరాబారీ సరస్సు జూన్ 17 ఉదయం తెగింది. ఇప్పటికీ మా వీధి నుంచి ఏటా ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. ఆరోగ్య పత్రాలు, రిజిస్ట్రేషన్ అడుగుతారే కానీ, ఎగువన ఏ సరస్సు ఉందో, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో యాత్రికులకు చెప్పేవారు లేరు.

కావలి_కుర్రాడు
ఈ సరస్సులు అంత సులువుగా ఎలా తెగుతాయి? కట్ట అంటే కొండ రాయి కాదా?

చీమకుర్తి_గ్రానైట్
కాదు తమ్ముడూ. హిమానీనదం తోసుకొచ్చి వదిలేసిన రాళ్లు, ఇసుక, మట్టి పోగే అక్కడి కట్ట. కొన్ని చోట్ల దాని లోపల పాత మంచు కూడా ఉంటుంది, అది కరిగితే కట్ట లోపలే బోలు పడుతుంది. తూమూ అలుగూ లేని చెరువుకు మట్టికట్ట వేసి, ఎగువ నుంచి నీళ్లు వదులుతూ పోతే ఏమవుతుందో మన ఊరి చెరువులు తెగడం చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లు అయిదు వేల మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకుతాయన్నది ఒక్కటే తేడా.

సూళ్లూరుపేట_చంద్రం
2024 ఏప్రిల్‌లో ఇస్రో ఇచ్చిన వివరాలు దీనికి కలపాలి. హిమాలయ నదీ పరీవాహకాల్లో 2016–17లో గుర్తించిన, 10 హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి చెప్పుకోదగ్గంతగా పెరిగాయి. వాటిలో 130 మన దేశంలోనివి. హిమాచల్‌లోని ఘేపంగ్ ఘాట్ సరస్సు 1989లో 36 హెక్టార్లు ఉండగా 2022 నాటికి 101 హెక్టార్లయింది. మన ఇంటి పైకప్పు ఎక్కితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లు కనిపిస్తాయి. 2025 జూలై 30న జీఎస్ఎల్‌వీ మీద వెళ్లిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకొకసారి ప్రపంచమంతా చుట్టి, మేఘాలున్నా చీకటైనా రాడార్‌తో నేల, మంచు కదలికలను కొలుస్తుంది. మాస్టారూ, మన తీరం నుంచి వెళ్లిన ఉపగ్రహం హిమానీనదాలను కొలుస్తోందని మీ పిల్లలకు తప్పక చెప్పండి.

కొత్తపట్నం_సరుగుడు
సముద్రం దగ్గరికి మళ్లీ వస్తాను. మా నాన్న కాలంలో ఇసుక నేలలో కొద్ది లోతు తవ్వితేనే తియ్యని నీళ్లు వచ్చేవి, వేరుశనగ ఆ నీళ్లతోనే పండేది. ఇప్పుడు అదే చేను బోరులో నీళ్లు ఉప్పగా ఉన్నాయి, సరుగుడు తప్ప ఏదీ నిలవడం లేదు. మైపాడు_తీరం గారు చెప్పిన పెరుగుదల మా బోర్లలోకి వచ్చేసిందని నేను నమ్ముతున్నాను.

మైపాడు_తీరం
మీ బాధ నాకు తెలుసు, మా వైపూ అదే పరిస్థితి. అయినా ఇక్కడ మీతో ఏకీభవించలేను. తీరంలో తీపి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతున్నట్లు ఉంటాయి. పైనుంచి ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. గత ముప్ఫై ఏళ్లలో మన తీరంలో వచ్చిన పెద్ద మార్పు రొయ్యల చెరువులూ, ఒకదాని పక్కన ఒకటిగా దిగిన బోర్లూ. 10 సెంటీమీటర్ల సముద్రం పెరుగుదల కూడా దానికి తోడవుతుంది, ముందు ముందు ఇంకా తోడవుతుంది. కానీ ఈనాటి ఉప్పుకు మొదటి కారణం మన పంపులే. తప్పంతా హిమానీనదాల మీద వేస్తే, రేపు తోడటానికి అందరికీ అనుమతి ఇచ్చినట్లే.

కొత్తపట్నం_సరుగుడు
చెరువులు లేని గట్టు పక్కన కూడా ఉప్పు వస్తోంది. రెండు కారణాలూ కలిసినప్పుడు ఏది ఎంత అని తేల్చకుండా, పంపులదే మొదటి స్థానం అని మీరు మాత్రం ఎలా చెప్పగలరు? భూగర్భ జల శాఖ పరిశీలక బావుల లెక్కలు ఊరు ఊరుకూ చూడాలి. అప్పటిదాకా నేను నా మాట మీదే ఉంటాను.

ఉదయగిరి_దుర్గం
కొండల మీద మంచంతా కరిగితే నెల్లూరు మునిగిపోతుందని కొందరు వీడియోలు పెడుతున్నారు. అది కూడా లెక్కకు నిలుస్తుందా?

మైపాడు_తీరం
నిలవదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు కాక, మిగిలిన హిమానీనదాలన్నీ పూర్తిగా కరిగినా సముద్రం పెరిగేది సుమారు 32 సెంటీమీటర్లు. నెల్లూరు పట్టణం దానితో మునగదు. పల్లపు తీరపు ఊళ్లకు, ఉప్పు మడులకు, పులికాట్‌కు మాత్రం అది పెద్ద మార్పే. మీటర్ల లెక్క గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలది. గ్రీన్‌లాండ్ ఒక్కదానిలోనే సముద్రాన్ని ఏడు మీటర్లు పెంచేంత మంచు ఉంది, అయితే దానికి శతాబ్దాలు పడుతుంది.

వెంకటగిరి_జరీ
స్విట్జర్లాండ్‌లో రోన్ హిమానీనదం మీద తెల్లటి దుప్పట్లు కప్పడం చూశాను. లద్దాఖ్‌లో సోనమ్ వాంగ్‌చుక్ గారు మంచు స్తూపాలు కట్టిస్తున్నారు. ఇలాంటివి చేస్తే కాపాడుకోలేమా?

సూళ్లూరుపేట_చంద్రం
దుప్పట్లు కొద్ది మేర మాత్రమే పనికివస్తాయి. అవి కప్పుతున్న స్విట్జర్లాండ్ కూడా 2022, 2023 రెండేళ్లలోనే తన హిమానీనదాల్లో పదో వంతు కోల్పోయింది. లద్దాఖ్ స్తూపాల ఉద్దేశం వేరు. చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని గడ్డకట్టించి, విత్తే కాలానికి కరిగి పొలానికి చేరేలా చూడటం వాటి పని. అంతకు ముందే చెవాంగ్ నోర్ఫెల్ గారు అదే ప్రాంతంలో కృత్రిమ హిమానీనదాలు చేయించి, 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ఎంతో గొప్ప పని, కానీ అవి రైతుకు నీరు నిలిపే ఏర్పాట్లే తప్ప కొండ మీది మంచును నిలపలేవు.

కొండ మీది మంచును నిలిపేది ఉష్ణోగ్రత ఒక్కటే. ఇప్పటి వేడి ఇక పెరగకుండా ఆగిపోయినా ప్రపంచ హిమానీనదాల ద్రవ్యరాశిలో 39 శాతం కాలక్రమంలో పోక తప్పదని, ఇప్పుడు నడుస్తున్న విధానాలతో పరిశ్రమల యుగానికి ముందుకన్నా 2.7 డిగ్రీల పెరుగుదలకు చేరితే 76 శాతం పోతుందని 2025లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెబుతోంది. 39కీ 76కీ మధ్య ఉన్నది ఇంకా మన చేతిలో ఉంది. నేను ఆశ వదులుకోకపోవడానికి కారణం ఆ తేడాయే.

గుండ్లకమ్మ_గట్టు
అందరికీ కృతజ్ఞతలు. వక్త చెప్పినది నోట్సులో కొట్టివేయించి, నదులు, సముద్రం, పనికీ యాత్రకూ వెళ్లే మనవాళ్లు అని మూడు శీర్షికలు రాయిస్తాను. చీమకుర్తి అన్నగారు అనుమతిస్తే వారి బావమరిది అనుభవం కూడా పేరు లేకుండా చెబుతాను. ఇంకొక్క సందేహం. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద తేలే మంచు కరిగినా నీటి మట్టం పెరుగుతుందా అని ఒక పిల్లవాడు అడిగాడు. దీన్ని తరగతిలో చూపించే మార్గం ఉందా?

చీమకుర్తి_గ్రానైట్
తప్పకుండా చెప్పండి మాస్టారూ. వాడు కూడా సంతోషిస్తాడు.

మైపాడు_తీరం
రెండు గాజు గ్లాసులు తీసుకోండి. మొదటిదానిలో మంచు ముక్కలు నీటిపై తేలేలా వేయండి. రెండవదానిలో నీటి మట్టానికి పైకి వచ్చేలా ఒక రాయి నిలబెట్టి, అన్నే ముక్కలు ఆ రాయి మీద పెట్టండి. రెండింటిలోనూ నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత గీయించండి. తేలే మంచు కరిగినా మొదటి గ్లాసులో నీరు గీత దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఆ మంచు తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు తోసింది. రెండవ గ్లాసులో నీరు గీత దాటుతుంది. హిమానీనదం రెండవ గ్లాసు, ధ్రువ సముద్రపు మంచు మొదటి గ్లాసు. ఉప్పునీటితో చేస్తే మొదటి గ్లాసులోనూ మట్టం కొంచెం పెరిగి పిల్లలు తికమకపడతారు, కాబట్టి మంచినీళ్లతోనే చేయించండి. ముక్కలు ఒకే పరిమాణంలో ఉండేలా ఐసు ట్రేలో కట్టినవి వాడండి, గ్లాసులు సన్నగా ఉంటే తేడా వెనక బెంచీ వాళ్లకు కూడా కనిపిస్తుంది.